రాత్రివేళ వ్రాయబడు పద్దులు

సహకార సంఘమునకు ప్రాణము నమ్మకము. నమ్మకమునకు ప్రాణము లెక్క. చిట్టా, ఆవర్జా సరిగా నున్న సంఘము కరవు కాటకములను సైతము దాటి నిలుచును. అవి చెడిన సంఘము ఎంత మూలధనము కలిగియున్నను నిలువజాలదు. ఇది మన పెద్దలు అనుభవమువలన నెరిగిన సత్యము. అట్టి లెక్కల పుస్తకము నేడు సంఘపు బీరువాను విడిచి కంప్యూటరులోనికి పోవుచున్నది. పుస్తకము మారినంతమాత్రమున రైతునకు గల హక్కు మారదు. ఆ పుస్తకములో ఎవరు వ్రాయుచున్నారు, ఎప్పుడు వ్రాయుచున్నారు, వ్రాసినదానిని ఎవరు సరిచూచుచున్నారు అను మూడు ప్రశ్నలును వేయుటకు ఉండి గ్రామమున ఎకరము చేను పండించు సభ్యునకు నెంత హక్కు కలదో, ఏలూరు కేంద్ర బ్యాంకులోని అధికారికిని అంతే కలదు, అంతకుమించి లేదు. ఈ విషయమును సభ్యుల యెదుట విన్నవించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మన ఉద్యమము పుట్టిన తీరును కొంచెము జ్ఞాపకము చేసికొందము. మద్రాసు రాజధానిలో వ్యవసాయ బ్యాంకులను గూర్చి సర్ ఫ్రెడరిక్ నికల్సను దొర 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టమును, 1912లో దానికంటె విశాలమైన చట్టమును ఏర్పడినవి. జర్మనీదేశమున రైఫైజను నెలకొల్పిన గ్రామసంఘములు ఆ కాలపు వారికి ఆదర్శము. ఆ పద్ధతికి మూలమేమన, సంఘము చిన్నదిగా నుండవలెను, సభ్యులు ఒకరి నొకరు ఎరిగియుండవలెను, లెక్క అందరి కన్నులయెదుట నుండవలెను. కార్యదర్శి తప్పు వ్రాసినచో పక్కింటివాడు పట్టుకొనగలడు. నేటి లెక్క అట్టిది కాదు. పద్దు మన ఊరిలో పుట్టును. అది నిలువయుండు యంత్రము ఎక్కడనో దూరపు పట్టణములో నుండును. దానిపై పనిచేయు ఆజ్ఞలు వేరొక పట్టణములో వ్రాయబడును. కావున పక్కింటివాని కన్ను చేసిన పనిని వేరొక ఏర్పాటు చేయవలసి యున్నది.

భారత ప్రభుత్వము 2021 జూలైలో సహకార మంత్రిత్వ శాఖను ప్రత్యేకముగ నెలకొల్పెను. 2022 జూన్ 29వ తేదీన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర మంత్రివర్గము ఆమోదించెను. 63,000 సంఘములు, 2,516 కోట్ల రూపాయల వ్యయము, ఐదు సంవత్సరముల గడువు, ఇది నాడు నిర్ణయించిన కొలత. నాబార్డు దీనిని నడుపు సంస్థ. మన రాష్ట్రములో రెండువేలకు పైబడిన సంఘములు ఇందులో చేర్చబడినవి. దేశమంతటికిని ఒకే సాఫ్టువేరు. దానిని ఈఆర్‌పీ పద్ధతి యందురు. అనగా అప్పులు, డిపాజిట్లు, ఎరువుల నిలువ, విత్తనముల అమ్మకము, ధాన్యము కొనుగోలు, జీతములు మొదలగు అన్ని శాఖల లెక్కలును ఒకే పెట్టెలో ఒకదానితో నొకటి ముడిపడి యుండుట. ఇది మంచి పథకమే. రైతు తన బాకీ నిలువను ఆనాటికి ఆనాడే తెలిసికొనవచ్చును. ఆడిటరు సంవత్సరముల తరబడి వేచియుండనక్కరలేదు. వడ్డీ రాయితీ కోరుటకు కావలసిన పట్టికలు త్వరగా తయారగును. ఈ లాభములను కాదనువాడు వివేకి కాడు.

ఐతే లెక్కలన్నియు ఒకదానితో నొకటి ముడిపడి యున్నప్పుడు ఒకచోట జరిగిన తప్పు ఒకచోటనే ఆగదు. ప్రధాన తూమువద్ద లస్కరు పొరపాటున తలుపు ఎత్తినచో మునుగునది ఒక్క బోదె కాదు, ఆ కాలువ క్రింది ఆయకట్టంతయు మునుగును. ఉండి కాలువ క్రింద సేద్యము చేయు మనకు ఇది వేరుగ బోధింపనక్కరలేదు.

ఇక రాత్రిపూట జరుగు పని యెట్టిదో చెప్పెదను. పగటివేళ గుమాస్తా ఒక్కొక్క రశీదును ఒక్కొక్క పద్దుగ యంత్రములో చేర్చును. సాయంకాలము దినపు లెక్క మూసిన పిమ్మట, వేలకొలది ఖాతాలకు వడ్డీ కట్టుట, గడువు మీరిన అప్పులను వేరుపరచుట, రాయితీకి అర్హులను ఏరుట, సంఘపు లెక్కను కేంద్ర బ్యాంకు లెక్కతో సరిపోల్చుట మొదలగు పనులు మనుష్యుని చేయి తగులకుండ, నియమితమైన వేళకు, వరుసగా నడచును. ఇట్లు గుంపుగా నడచు పనికి బ్యాచి జాబు అని పేరు. ఆ పనిని ఏ క్రమమున ఎట్లు చేయవలెనో వ్రాసియుంచిన ఆజ్ఞల చీటీకి స్క్రిప్టు అని పేరు. ఆ చీటీ వ్రాయబడు భాషకు ఎస్‌క్యూఎల్ అని పేరు. లెక్కలను పట్టికలుగా అమర్చవలెనను సిద్ధాంతమును ఇ. ఎఫ్. కాడ్ అను పండితుడు 1970లో ప్రకటించెను. ఆయన పనిచేసిన ఐబీఎం సంస్థలోనే ఛాంబర్లిన్, బాయిస్ అను నిరువురు ఆ పట్టికలను ప్రశ్నించు భాషను 1974లో కల్పించిరి. 1986లో అమెరికాయందును, 1987లో అంతర్జాతీయముగను అది ప్రమాణభాషగ అంగీకరింపబడెను. నేడు లోకములోని బ్యాంకులలో అనేకములు ఈ భాషలోనే లెక్క చూచుకొనుచున్నవి.

ఈ భాష యొక్క బలము దాని క్లుప్తత. అపాయమును ఆ క్లుప్తతయందే కలదు. "ఫలానా ఊరివారి ఖాతాలలో అపరాధ వడ్డీని సున్న చేయుము" అను ఆజ్ఞ రెండు పంక్తులకు మించదు. అందు "ఫలానా ఊరివారి" అను నియమమును వ్రాయుట మరచినచో యంత్రము ఎదురు ప్రశ్న వేయదు. పట్టికలోని ఖాతాలన్నిటిలోను సున్న చేసివేయును. మన గుమాస్తాయైనచో "అయ్యా, అందరికినా?" యని ఒక్కసారి అడిగియుండును. యంత్రమునకు ఆ సందేహము కలుగదు. అందుచేత ఆ సందేహమును ముందుగనే మనుష్యులు పడవలెను. స్క్రిప్టును అమలున ప్రవేశపెట్టు పద్ధతి యనగా, క్రమము ననుసరించి సందేహించుటయే.

అంకెలతో చూతము. లక్ష రూపాయల పంట అప్పునకు నూటికి 7 రూపాయల వడ్డీ చొప్పున సంవత్సరమునకు 7,000 రూపాయలు; దినమునకు 19 రూపాయల 18 పైసలు. ఏదో కారణమున ఒక రాత్రి వడ్డీ జాబు రెండుసార్లు నడచినదనుకొందము. ఒక రైతునకు పడినది 19 రూపాయలే, అతడు గమనింపకపోవచ్చును. కాని అట్టి అప్పుగల సభ్యులు 500 మంది యున్న సంఘములో ఆ ఒక్క రాత్రి అన్యాయముగ పడిన భారము 9,589 రూపాయలు. ఇక పని నడుమ ఆగిపోయినచో చిక్కు మరియొకటి. 230 ఖాతాలకు వడ్డీ పడిన పిమ్మట తంత్రీమార్గము తెగినదనుకొనుడు. ఉదయము వచ్చిన ఉద్యోగి జాబును మొదటినుండి మరల నడిపినచో ఆ 230 మందికి వడ్డీ రెండింతలగును; నడపక విడిచినచో మిగిలిన 270 మందికి అసలే పడదు. మంచి స్క్రిప్టు ఈ రెండు దోషములకును లోనుకాకుండ వ్రాయబడును. పని పూర్తియైనచో అంతయు నిలుచును, నడుమ ఆగినచో వ్రాసినదంతయు వెనుకకు పోవును. ఈ ఖాతాకు ఈ తేదీ వడ్డీ పడినది యను గురుతు ఒకటి యుండును గనుక, మరల నడిపినను రెండవమారు పడదు. ఈ గుణము కలదా లేదా యని స్క్రిప్టు నడుపుటకు పూర్వమే పరీక్షింపవలెను, నడచిన పిదప కాదు.

ఇంతకంటె సూక్ష్మమైన దోషమొకటి కలదు. అది నేరుగ రైతు కడుపుమీద కొట్టునది. మూడు లక్షల రూపాయల వరకు పంట అప్పు తీసికొని గడువులోపల తీర్చిన రైతునకు వడ్డీలో నూటికి 3 రూపాయలు తగ్గించు కేంద్రప్రభుత్వ నియమము కలదు. అప్పుడు 7 రూపాయల వడ్డీ 4 రూపాయలగును. దాళ్వా ధాన్యము అమ్మిన సొమ్ము చేతికి రాగానే ఒక రైతు గడువు తేదీనాడే పగలు పదకొండు గంటలకు సంఘమునకు వచ్చి అప్పంతయు తీర్చెననుకొందము. ధర్మము ప్రకారము అతడు గడువు తప్పలేదు. కాని స్క్రిప్టులో "గడువు తేదీకి ముందు కట్టినవారు" అని వ్రాసి, "ఆ తేదీతో సహా" అను మాట విడిచినచో అతనికి రాయితీ పోవును. ఆ మాట వ్రాసినను చాలదు. యంత్రములో గడువు తేదీ ఆ దినము ప్రారంభమగు అర్ధరాత్రి ఘడియగ నిలువయుండి, చెల్లింపు మాత్రము గంటలు నిమిషములతో నిలువయున్నచో, పదకొండు గంటల చెల్లింపు గడువు దాటినదిగ దానికి తోచును. లక్ష రూపాయల అప్పుపై సంవత్సరపు రాయితీ 3,000 రూపాయలు. ఒక్క గురుతు లోపించినందున ఆ రైతు 3,000 రూపాయలు నష్టపోవును. "గడువు మీరినవాడు" అను పేరును మోయును. మరుసటి సార్వాకు అప్పు పుట్టుటయు కష్టమగును. ఇట్టి తప్పును ఇంజనీరు కనిపెట్టుటకంటె, గడువునాడే డబ్బు కట్టు రైతుల అలవాటును ఎరిగిన సంఘ కార్యదర్శి ముందుగ కనిపెట్టగలడు. కావుననే పరీక్షలో కార్యదర్శులకు చోటుండవలెనని నా వాదము.

ఇవి ఊహామాత్రములని కొందరనవచ్చును. మనకంటె ధనికులైన దేశములలో, మనకంటె పెద్ద బ్యాంకులలో జరిగినదానిని వినుడు. బ్రిటనులోని రాయల్ బ్యాంకు ఆఫ్ స్కాట్లండు 2012 జూన్‌లో రాత్రి జాబులను వరుసగా నడిపించు సాఫ్టువేరును మార్చెను. మార్పు సరిగ పనిచేయకుండుట చూచి పాతదానికి మరలిరి. ఆ మరలుటలోనే జాబుల వరుస చెడెను. అరువదియైదు లక్షలకు పైబడిన ఖాతాదారులు చిక్కులపాలైరి. జీతములు జమ కాలేదు, చెల్లింపులు ఆగినవి, నిలువలు తప్పుగ కనబడినవి. ఆ బ్యాంకు సమూహములోని అల్‌స్టర్ బ్యాంకువారి ఖాతాదారులు వారముల తరబడి కష్టపడిరి. 2014 నవంబరులో నియంత్రణ సంస్థలు రెండు కలిసి 5 కోట్ల 60 లక్షల పౌండ్ల అపరాధము విధించినవి. ఇందలి నీతి యేమి? ముందుకు పోవు మార్గమును పరీక్షించుట చాలదు. వెనుకకు వచ్చు మార్గమును కూడ అంత శ్రద్ధతోనే పరీక్షింపవలెను. పడవను ఏటిలోనికి నెట్టువాడు మరల గట్టునకు తెచ్చుట ఎట్లో తెలియకుండ నెట్టరాదు.

ఆ దేశములోనే టీఎస్‌బీ అను బ్యాంకు 2018 ఏప్రిలులో తన ఖాతాదారుల లెక్కలన్నిటిని పాత యంత్రములనుండి క్రొత్తవానికి ఒకేసారి తరలించెను. లెక్కలు చేరినవిగాని వానిని నడుపు ఏర్పాటు నిలువలేదు. లక్షలమంది తమ సొమ్మును తాము చూచుకొనలేకపోయిరి. 2022 డిసెంబరులో ఆ బ్యాంకు 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల అపరాధము చెల్లింపవలసి వచ్చెను. పాత ఆవర్జాలనుండి నిలువలను క్రొత్త యంత్రమునకు తరలించుచున్న మన సంఘములకు ఇది గమనింపదగిన దృష్టాంతము. తరలింపునాటి నిలువ తప్పినచో అటుపై సంవత్సరములు పద్దులు ఎంత సరిగ వ్రాసినను ఫలము తప్పే.

వీనియన్నింటికంటె హృదయవిదారకమైనది బ్రిటను తపాలా శాఖ కథ. గ్రామములలో తపాలా కార్యాలయములను నడుపువారికి 1999 మొదలు హొరైజన్ అను లెక్కల యంత్రము నిచ్చిరి. ఆ యంత్రము అనేకచోట్ల సొమ్ము తరుగుపడినట్లు చూపెను. తరుగునకు కారణము యంత్రమని ఎవరును అంగీకరింపలేదు. కార్యాలయమును నడుపువాడే దొంగ యనిరి. 1999 మొదలు 2015 వరకు 900 మందికి పైగా న్యాయస్థానముల కీడ్వబడిరి. కొందరు చెరసాల పాలైరి; కొందరు ఇల్లువాకిళ్ళు అమ్ముకొని లేని తరుగును పూడ్చిరి. అలన్ బేట్స్ అను ఒక తపాలా అధికారి తోడివారిని కూడగట్టుకొని వ్యాజ్యము వేయగా, 2019 డిసెంబరులో న్యాయమూర్తి ఆ యంత్రములో దోషములు కలవని తీర్పు చెప్పెను. అంతేకాదు, దూరముననున్న సాంకేతికోద్యోగులు గ్రామ కార్యాలయపు లెక్కలను ఆ కార్యాలయమువానికి తెలియకుండ మార్చగలిగియుండిరని కూడ తేలెను. 2021 ఏప్రిలులో అప్పీలు న్యాయస్థానము 39 మంది శిక్షలను కొట్టివేసెను. 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేకముగ చట్టము చేసి మిగిలిన వందలమంది శిక్షలను రద్దుచేసెను. అప్పటికి కొందరు బ్రతికిలేరు.

సభ్యులారా, ఈ కథను మన ఊరికి తెచ్చి చూడుడు. సంఘపు గోదాములో యూరియా బస్తాలు నలుబది తక్కువయున్నవని యంత్రము చూపినచో మొదట నిందింపబడువా డెవడు? ఆ కార్యదర్శియే. పూర్వము అతని చేతివ్రాతయే అతనికి శత్రువును సాక్షియు నయ్యెను. తాను వ్రాయని పద్దు తనదికాదని చూపగలిగెడివాడు. నేడు దూరమునుండి నడుపబడిన స్క్రిప్టు ఆ పద్దును మార్చియున్నచో, ఆ సంగతి ఎక్కడను వ్రాయబడియుండనిచో, అతడు తన నిర్దోషిత్వమును ఎట్లు నిరూపించుకొనగలడు? కార్యదర్శులలో తప్పుచేయువారు లేరని నేననను. కాగితపు పుస్తకముల కాలముననే బినామీ అప్పులు పుట్టినవి. రశీదు ఇచ్చి జమ వ్రాయనివారుండిరి. దొంగను పట్టుకొనుటకు కూడ యంత్రపు పద్దులకు సాక్ష్యము కావలెను. ఏ పద్దు మనుష్యుడు వ్రాసినది, ఏ పద్దు స్క్రిప్టు వ్రాసినది యను భేదము తెలియని లెక్కలో దొంగయు దొరయు ఒకరే.

మరియొక సంగతి. 2024 జూలై ఆఖరున, చిన్న బ్యాంకులకు కంప్యూటరు సేవలందించు ఒక సంస్థపై దుండగులు దాడిచేసి యంత్రములను బంధించినందున, చెల్లింపుల జాతీయ సంస్థ ఆ సేవాసంస్థను తాత్కాలికముగ వేరుచేయవలసి వచ్చెను. దానివలన సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు నిలిచినవి. అందు సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు కలవు. మరునాటికి సరిపడినదిగాని, ఒక్కచోట దెబ్బ తగిలినచో ఎన్నిచోట్ల నొప్పి పుట్టునో లోకమునకు తెలిసినది. లెక్కలు ఒక్కచోట చేరినకొలది ఆ చోటిని కాపాడవలసిన బాధ్యత పెరుగును.

ఇన్ని అపాయములున్నవని కంప్యూటరును వదలవలెనా? వదలరాదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి నీరు మన పొలములకు వచ్చినది. ఆ నీటితోడనే ముంపు భయమును వచ్చినది. మన పెద్దలు ఆనకట్టను కాదనలేదు. లాకులు కట్టించుకొనిరి, మురుగు కాలువలు త్రవ్వించుకొనిరి, దాళ్వాకు వంతులు ఏర్పరచుకొనిరి. రాత్రివేళ తూము ఎత్తువానికి ఒక నియమమును, వానిపై ఒక కావలిని ఉంచిరి. మన లెక్కల యంత్రమునకును అట్టి లాకులు కావలెను. అవి యెట్టివో నాకు తోచినంతవరకు మనవి చేసెదను.

మొదటిది, స్క్రిప్టు వ్రాయువాడు వేరు, పరీక్షించువాడు వేరు, అమలున నడుపువాడు వేరుగ నుండవలెను. సొమ్ము పుచ్చుకొనువాడే ఆడిటరుగ నుండరాదనునది మనకు పాత నియమమే. దానినే ఇచ్చట పాటింపవలెను.

రెండవది, ఏ స్క్రిప్టునైనను అసలు లెక్కపై నడుపుటకు పూర్వము లెక్క నకలుపై నడిపి చూడవలెను. పిదప దేశమంతట ఒకే రాత్రి గాక ముందు కొలది సంఘములలో నడుపవలెను. ఆ కొలదిలో సార్వా, దాళ్వా అప్పులును, చేపల చెరువుల అప్పులును గల కొల్లేటి ప్రాంతపు సంఘముకూడ నుండవలెను. మెట్టప్రాంతపు లెక్కలో బయటపడని తప్పు డెల్టా లెక్కలో బయటపడవచ్చును.

మూడవది, నడుపుటకు పూర్వము లెక్కను యథాతథముగ దాచియుంచవలెను; వెనుకకు మరలించు స్క్రిప్టును కూడ ముందుగనే వ్రాసి పరీక్షింపవలెను. వెనుకకు త్రోవ లేని మార్పునకు అనుమతి ఇయ్యరాదు.

నాల్గవది, జాబు నడచుటకు ముందు ఒక తేరీజు, నడచిన పిదప ఒక తేరీజు తీయవలెను. ఎన్ని ఖాతాలు, మొత్తము బాకీ ఎంత, ఆ రాత్రి పడిన వడ్డీ ఎంత అను మూడంకెలు చాలును. వానిని మరునాటి ఉదయము సంఘపు నోటీసు బల్లపై తెలుగులో నంటింపవలెను. ఇవి ఎవ్వరి సొంత ఖాతా రహస్యమును బయటపెట్టునవి కావు. కాని 500 మంది సభ్యుల వడ్డీ ఒక రాత్రిలో రెండింతలైనచో అక్షరము వచ్చిన ఏ సభ్యుడైనను గుర్తింపగలడు.

ఐదవది, పాత పద్దును తుడిచి క్రొత్తది వ్రాయరాదు. కాగితపు చిట్టాలో తప్పు దొర్లినప్పుడు గీతకొట్టి, సంతకము చేసి, ఎదురు పద్దు వ్రాయుట ధర్మము. గోకి తుడుచుట నేరము. యంత్రములోను ఆ ధర్మమే యుండవలెను. తప్పు పద్దు తప్పుగనే నిలిచియుండి, దాని ప్రక్కన సరిదిద్దు పద్దును, ఏ స్క్రిప్టు, ఎవరి అనుమతిచే, ఏ తేదీన, ఏ గంటకు వ్రాసెనో తెలుపు గురుతును ఉండవలెను.

ఆరవది, కార్యదర్శిపై తరుగు నేరము మోపుటకు పూర్వము ఆ కాలమున ఆ సంఘపు లెక్కపై నడచిన స్క్రిప్టుల పట్టికను విచారణాధికారి చూడవలెను. దాని ప్రతిని కార్యదర్శికి ఇయ్యవలెను. ఇది లేని విచారణ విచారణ కాదు.

ఏడవది, కాలమెరిగి పని చేయవలెను. మార్చి 31వ తేదీ రాత్రి సంవత్సరపు లెక్క మూయు గడియలలోను, అప్పుల గడువులు ముగియు దినములలోను, ధాన్యము సొమ్ము రైతులకు చెల్లించు రోజులలోను క్రొత్త స్క్రిప్టులను ప్రవేశపెట్టరాదు. వరద వచ్చుచుండగా లాకు తలుపులకు మరమ్మతు మొదలుపెట్టువాడుండడు.

వీనికి ఆక్షేపణలు లేకపోలేదు. పల్లెటూరి రైతునకు స్క్రిప్టు తెలియునా యని కొందరందురు. ఆనకట్ట కట్టిన ఇంజనీరింగు శాస్త్రము రైతునకు తెలియదు. తన చేలోనికి ఎన్నవనాడు నీరు రావలెనో, ఎంత లోతు రావలెనో తెలియును. అట్లే స్క్రిప్టు తెలియకున్నను, లక్షకు దినమునకు 19 రూపాయల వడ్డీయని తెలిసినవాడు దాని ఫలమును సరిచూడగలడు. మరియు ఈ డెల్టా పల్లెలలో పుట్టిన బిడ్డలెందరో హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా నగరములలో ఈ పనియే వృత్తిగ చేసికొనియున్నారు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు వారిని సంఘమునకు పిలిచి, మన ఏర్పాట్లు ఎట్లున్నవో చూడుడని కోరుటకు అభ్యంతరమేమి?

ఇన్ని పరీక్షలవలన పని ఆలస్యమగునని మరికొందరందురు. నిజమే, కొంత ఆలస్యమగును. అత్యవసరమైన తప్పు ఒకటి బయటపడినప్పుడు ఏడు దినములు ఆగలేకపోవచ్చును. అట్టి సమయమునకు అత్యవసర మార్గమొకటి ఉండవచ్చును. కాని ఆ మార్గముననైనను నకలు దాచుట, ఇరువురి అనుమతి, తేరీజు అను మూడును తప్పరాదు. ఒక రాత్రి తొందరలో చేసిన తప్పును దిద్దుటకు ఎన్ని వారములు పట్టినదో స్కాట్లండు బ్యాంకు కథ చెప్పుచున్నది. ఇక ఖర్చందురు. వేలకోట్లు వ్యయపరచి కట్టిన ఇంటికి గడియ పెట్టుటకు ఖర్చని వెనుదీయుట యుక్తము కాదు.

మన మహాజన సభలలో సాధారణముగ జమాఖర్చులు చదివించి, తీర్మానించితిమని వ్రాసికొని లేచిపోవుదుము. రాబోవు సభలో ఒక్క ప్రశ్నను అదనముగ వేయవలెనని సభ్యులను ప్రార్థించుచున్నాను: "ఈ సంవత్సరము మన లెక్కలపై బయటనుండి ఎన్ని స్క్రిప్టులు నడచినవి? అవి ఏ పద్దులను మార్చినవి? వాని తేరీజులు ఎక్కడ?" కార్యదర్శి సమాధానము చెప్పలేకపోయినచో అది అతని తప్పు కాదు, ఆ సమాధానమును అతనికి అందజేయవలసినవారి తప్పు. అప్పుడు సభ ఒక తీర్మానము చేసి కేంద్ర బ్యాంకునకును, రిజిస్ట్రారుగారికిని పంపవలెను. ఒక సంఘము అడిగినచో అది విన్నపముగ మిగులును. ఉండి, ఆకివీడు, కాళ్ళ, పాలకోడేరు ప్రాంతముల సంఘములన్నియు అడిగినచో అది నియమమగును.

అంతవరకు ప్రతి సభ్యుడును రశీదును పారవేయక దాచవలెను. ఆరునెలల కొకసారి తన ఖాతా పత్రము అచ్చు తీయించుకొని, వడ్డీ పంక్తిని చేతితో లెక్కకట్టి సరిచూడవలెను. గడువునాడు సొమ్ము కట్టినవాడు రశీదుపై తేదీతో పాటు గంటయు ఉన్నదేమో చూచుకొనవలెను. చదువరాని సభ్యునకు చదువు వచ్చిన సభ్యుడు ఈ సాయము చేయవలెను. సహకారమను మాటకు మొదటి అర్థ మదియే గదా.